వండిన చెక్కతో బాలానగర్ నుంచి మాదాపూర్ దాకా

చెక్కను వండవచ్చునని నాకు మొదట చెప్పినది నా స్నేహితురాలు వసుంధర. కాకినాడలో మేమిద్దరం ఒకే హాస్టలు గదిలో ఉండి చదువుకున్నాం. నేను ఆ ఊళ్లోనే కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతూ ఉండిపోయాను. ఆమె హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి, విసుగెత్తి, దానిని వదిలేసి, బాలానగర్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, తోటల్లోనూ ఆరుబయటా వేసే బల్లలు చేయించడం మొదలుపెట్టింది. ఒక వేసవిలో, సెలవులు ఇచ్చే ముందు, ఫోను చేసింది.

"మా చెక్క నీళ్లు తాగదు, వంకర పోదు, చెద పట్టదు, ఇనుమంత గట్టిది. నువ్వొచ్చి చూసి నిజమేనని చెప్పాలి."

"చూశాక నిజం కాకపోతే?"

"బయలుదేరకముందే మొదలెట్టావటే!" అని ఫోను పెట్టేసింది.

ఏ వస్తువును గురించి అయినా నాలుగు మంచి గుణాలు ఒక్క గుక్కలో వినిపిస్తే, వాటిలో రెండైనా అమ్మేవాడి నోట్లో పుట్టినవని నా అనుమానం. అందువల్ల మందాలు కొలిచే వెర్నియరు పరికరాన్ని చీరల మధ్య పెట్టుకుని రైలెక్కాను. హైదరాబాదు వెళ్లివచ్చిన వారు చార్మినారును గురించి చెబుతారు. నేను అటు వెళ్లనే లేదు. ఆ ఊరిలో కొత్తగా లేస్తున్న మరో వైపు చూసి వచ్చాను. అటు వెళ్లని వారికోసం ఇది రాస్తున్నాను.

సికింద్రాబాద్

స్టేషను బయట ఒక ఆటో డ్రైవరు నా సంచి అందుకుంటూనే "యాడికి పోవాలె?" అన్నాడు.

"బాలానగర్ అండి."

అతను నవ్వాడు. "ఆంధ్ర నుంచి ఒచ్చిన్రా మేడం? 'అండి' అంటే సమజైతది."

మా ఊళ్లో రిక్షావాడినీ కలెక్టరునీ ఒకే 'అండి'తో సరిపెడతాం. ఇక్కడ అది నా చిరునామా చెప్పేసింది. మీటరు వేయమన్నాను.

"మీటర్ కరాబైంది మేడం."

నేను వంగి చూశాను. అంకెలు చక్కగా కదులుతున్నాయి. "తిరుగుతోంది కదండీ!"

"తిరుగుతది. ఆగుతలేదు. గదే కరాబ్."

ఈ వాదనలో లోపం కనిపెట్టేలోపు ఆటో కదిలింది. దారిలో అతనే ఒక ఇరానీ హోటలు ముందు ఆపి, ఇక్కడి చాయ్ తాగకుండా హైదరాబాదులో అడుగుపెట్టినట్టు కాదని తేల్చాడు. మనం పాలు, నీళ్లు, పొడి ఒకే గిన్నెలో వేసి మరిగిస్తాం. అక్కడ డికాక్షను ఒక పాత్రలో, పాలు మరొక పాత్రలో విడివిడిగా గంటల తరబడి కాగుతాయి. కప్పులో పోసేటప్పుడే వాటికి పరిచయం. అంతసేపు కాగిన డికాక్షను చేదెక్కి తీరాలని నా లెక్క. ఎక్కలేదు. ఒక్క కప్పుతో నిర్ధారణకు రాకూడదు కనుక రెండోది కూడా తాగాను. కప్పు మూడు రూపాయలు. ప్రయోగశాలలో ఇంత చవకగా ఏదీ తేలదు.

బాలానగర్

బాలానగర్‌లో గాలి కూడా ఇనుము వాసన వేస్తుంది. వరుసగా షెడ్లు, లేతు యంత్రాల రొద, రోడ్డు పక్కన చుట్టలు చుట్టలుగా ఇనుప తురుము. వీటి మధ్య ఒక చోట మాత్రం బెల్లం పాకం మాడుతున్న వాసన వచ్చింది. ఆటో దిగకుండానే షెడ్డు గుర్తుపట్టాను.

"ఒసేయ్, ఎంత చిక్కిపోయావే!" అంటూ వసుంధర ఎదురొచ్చింది. నేను చిక్కలేదు. ఆ మాట కూడా తూచి చూడనిదే. కానీ దానికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు.

చెక్కను వండే పొయ్యి బీరువాకు పెద్దన్నలా ఉంది. ఒకప్పుడు ఏదో మూతపడిన కర్మాగారంలో మోటారు తీగచుట్టలకు పూసిన వార్నిషును ఆరబెట్టినదట. అందులో పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి దొంతరగా పేరుస్తారు. లోపలికి ఆవిరి పంపి గాలిని తరిమేస్తారు. గాలి లేకపోతే చెక్క అంటుకోదు. నీళ్లు మరిగే వేడికి సుమారు రెట్టింపు వేడిలో అది నిదానంగా ఉడుకుతుంది. మన ఇడ్లీపాత్ర సూత్రమే, కాకపోతే ఇడ్లీలు ఆరడుగుల పొడుగు.

పని నడిపించేది లక్ష్మణాచారి అనే వడ్రంగి. పుప్పాలగూడ నుంచి రోజూ వస్తాడు. ఏ చెక్క వాడుతున్నారని అడిగాను.

"నీలగిరి మేడం. శాన పొగరుబోతు కట్టె. కోసినప్పుడు సీదాగ ఉంటది. తెల్లారి జూస్తే పాము లెక్క మెలిక తిరిగుంటది. గందుకే ఎవ్వలు ముట్టరు. గిండ్ల పెట్టి ఉడకబెడితే ఇగ చెప్పినట్టు ఇంటది."

వండిన పలక డికాక్షను రంగులో ఉంది. పైన రంగు పూశారేమోనని అడ్డంగా కోయించాను. లోపల కూడా అదే రంగు. చారి నావైపు జాలిగా చూసి, "ఇంకోటి గూడ కోయమంటరా మేడం?" అన్నాడు. కోయమన్నాను.

పచ్చి ముక్క ఒకటి, వండిన ముక్క ఒకటి ఒకే కొలతకు కోయించి, మందం కొలిచి, బకెట్టు నీళ్లలో ఇటుక కింద అణచిపెట్టాను. మర్నాడు పొద్దున తీసి చూస్తే పచ్చి ముక్క బాగా ఉబ్బి, ఒక పక్కకు తిరిగింది. వండినది దాదాపు నిన్నటిలాగే ఉంది. చెక్కలో తడిని పట్టి ఉంచే భాగాలు కొన్ని ఆ వేడికి విచ్ఛిన్నమవుతాయి. ఆ బెల్లం వాసన వాటిదే. తడిని పట్టుకునేవి పోయాక చెక్క ఉబ్బడం, వంకరపోవడం రెండూ తగ్గుతాయి.

"మొదటి రెండు మాటలూ నిజమే" అన్నాను.

వసుంధర నన్ను కౌగిలించుకుంది. "చెప్పానా! సాయంత్రం బిర్యానీ నా ఖర్చు."

కౌగిలి వదలకముందే నేను ఇసుక బస్తాలు అడిగాను.

ఇటుకల దొంతరల మీద రెండు పలకలు వంతెనల్లా వేశాం. ఒకటి పచ్చిది, ఒకటి వండినది. రెండింటి మీదా సమానంగా బస్తాలు పెంచుతూ పోయాం. పచ్చి పలక వంగింది, మూలిగింది, కిర్రుమంది, ఇంకా వంగింది. వండినది మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా, వంగకుండా బరువు మోసింది. "చూశావా!" అని వసుంధర అంటుండగానే, ముందస్తు సూచన ఏమీ లేకుండా, ఠప్పున బిస్కెట్టులా రెండు ముక్కలైంది. చారి ఎగిరి అవతల పడ్డాడు.

"నా కాలు ఇరగకుంట దప్పింది మేడం! జర చెప్పి కొలువుండ్రి!"

చారీ నేనూ నవ్వుతున్నాం. వసుంధర నవ్వలేదు.

"ఎక్కువ వేశావు నువ్వు."

"పచ్చిదాని మీదా అంతే ఉందిగా."

"బల్లమీద మనుషులు కూర్చుంటారే, బస్తాలు కాదు."

"మనుషులు కదులుతారు, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతారు. వాళ్లకంటే బస్తాలే నయం."

అప్పుడు అసలు సంగతి చెప్పింది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేరు సంస్థ ఆవరణలో నమూనాగా ఒక బల్ల వేసి చూపించాలి. సిమెంటు బల్లలవాళ్లు తమ నమూనా అప్పుడే దించేశారు. ఈమె బల్ల నచ్చితే ఆ ఆవరణంతటికీ బల్లలు చేసే పని ఈ షెడ్డుకు దక్కుతుంది. నచ్చకపోతే వచ్చే నెల పొయ్యి అమ్మేసి తాళం వేయాలి. చారి మళ్లీ ఇంటింటికీ తిరిగి తలుపులు బిగించుకోవాలి. వదిలిన బ్యాంకు ఉద్యోగం ఎలాగూ తిరిగి రాదు.

"మధ్యలో ఇంకో కాలు వేయండి. పలక పొడుగు సగమైతే విరిగే భయం చాలావరకు పోతుంది. అప్పుడైనా నలుగురికి మించి కూర్చోకూడదు" అన్నాను.

"వేయిస్తా. కానీ గట్టిదనే మాట మాత్రం తియ్యను. సిమెంటువాడు తన బల్లలో లోపాలు చెబుతాడా?"

బిర్యానీ బాగుంది. దాని మీద ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

పుప్పాలగూడ

మిగిలింది చెద సంగతి. కిందటి వానాకాలంలో చారి తన ఇంటి వెనక చెదపుట్ట పక్కన ఒక పచ్చి ముక్కనూ, ఒక వండిన ముక్కనూ పాతి ఉంచాడు. వాటిని తవ్వి చూద్దామని ముగ్గురం బస్సెక్కాం.

గచ్చిబౌలి దాటుతుంటే నేను కిటికీ వదలలేదు. ఒక బండ మీద మరొక బండ, దాని మీద ఇంకొకటి, ఎవరో ఆడి వదిలేసినట్టు. మా కోనసీమ వైపు పిల్లవాడికి కొండ గీయమంటే పుస్తకంలో చూసి గీస్తాడు. ఇక్కడ గొడ్లు కూడా కొండ నీడ చూసుకుని పడుకుంటున్నాయి. ఈ బండలు ఇప్పుడో ఇంకాసేపటికో పడతాయేమోనని తల తిప్పి తిప్పి చూశాను. ఆ ధ్యాసలో బస్సు దిగుతూ మెట్టు తప్పి చెప్పు తెంపుకున్నాను. చారి సుతిలి తాడుతో దానిని నా పాదానికి కట్టేశాడు. ఊరంతా ఆ కట్టుతోనే నడిచాను. ఒక్కరూ వింతగా చూడలేదు. కాకినాడలో అయితే కారణం చెప్పకుండా వీధి దాటలేం.

చారి తల్లి నర్సమ్మ మమ్మల్ని చూడగానే కంచాలు పెట్టేసింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయలు. పులుసును మరిగించకపోవడం నాకు కొత్త. చింతపండు పచ్చివాసన రాదా అని అడిగాను.

"ఎండకాలం పొయ్యి కాడ ఎవలు గూసుంటరు బిడ్డా? ముందుగాల తిను, ఇగ అడుగు."

తిన్నాను. ఇక అడగలేదు. మూడోసారి వడ్డించుకున్నాను.

తర్వాత చారి గడ్డపారతో పుట్ట పక్కన తవ్వాడు. పచ్చి ముక్క స్థానంలో మట్టీ, నాలుగు పీచులూ దొరికాయి. వండిన ముక్క ఆకారం మిగిలింది కానీ చేతిలోకి తీసుకుంటే అప్పడమంత తేలిక. విరిస్తే లోపలంతా చెదల మట్టి దారులు. ఇంకా కొన్ని పురుగులు భోజనం మీదే ఉన్నాయి.

నర్సమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది. "గిదేంది, ఉడకబెట్టిన కట్టెనా?"

"అవునమ్మా. ఉడికిస్తే చెద పట్టదేమో అనుకున్నాం" అంది వసుంధర.

"మంచిగున్నది! పచ్చివి తినేటోళ్లకు వండి వడ్డిస్తిరి. తినకుంట ఊకుంటయా?"

"అమ్మా, జర ఊకో" అన్నాడు చారి, నవ్వు ఆపుకుంటూ.

"నేనేమన్న తప్పన్ననారా? ఉప్పు గిట్ల తక్కువైతే అడుగుతయి గావొచ్చు."

మొదట పగలబడి నవ్వింది వసుంధరే. నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడింది. కళ్లు తుడుచుకుని, "సరేనే, చెద మాట తీసేస్తా" అంది.

"గట్టితనం మాట?"

"మధ్య కాలు వేశాంగా. నువ్వు నోరు మూసుకో."

"అడిగితే మటుకు అబద్ధం చెప్పను, వసూ."

"అడగరులే."

తిరుగు బస్సులో ఆమె ఒక కిటికీలోంచి, నేను ఇంకో కిటికీలోంచి చూస్తూ వచ్చాం. ఇంతకుముందు మేం అలా ప్రయాణం చేసిన గుర్తు లేదు.

మాదాపూర్

బల్లను ట్రాలీ ఆటోలో ఎక్కించాం. పట్టుకుని నిలబడమంటే చారి దాని మీదే కూర్చున్నాడు. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ దాకా, ఊరేగింపులో పెళ్లికొడుకులా, దారిన పోయేవాళ్లకు చెయ్యి ఊపుతూ వచ్చాడు. వసుంధర పెదవి చివర నవ్వు కనిపించింది కానీ నావైపు తిరగలేదు.

బండల మధ్య హఠాత్తుగా గుండ్రని గాజు మేడ లేస్తుంది. ఆటో డ్రైవరు దానిని చూపించి ఆసియాలోకెల్లా పెద్దదన్నాడు. ఆసియా ఎంత పెద్దదో నేను చెప్పబోతుంటే వసుంధర మోచేత్తో పొడిచింది. మూడు గంటల్లో నాకు దక్కిన మొదటి పలకరింపు అదే. మెడల్లో గుర్తింపుకార్డుల పట్టీలు వేలాడే కుర్రకారు టీ బండి చుట్టూ గుంపుగా నిలబడ్డారు. వాళ్ల మాటల్లో సగం ఇంగ్లీషు, మిగిలిన సగం మా గోదావరి జిల్లాలది.

ఆ సంస్థ ఆవరణ వ్యవహారాలు చూసే ప్రసాదరావు గారు భీమవరం వారు. తెల్ల చొక్కా, చేతిలో రుమాలు. "రండమ్మా, రండి. ఎండ మండిపోతోంది" అంటూ ఎదురొచ్చారు. బల్లను సిమెంటు నమూనా పక్కనే దించాం. కాళ్ల కింద మట్టి తగలకుండా చారి రాతి దిమ్మలు పెట్టాడు. వసుంధర తన చెక్క గుణాలు చెప్పింది. నీటి సంగతి, వంకర సంగతి, ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఇనుమంత గట్టిది" అంది. చెద మాట ఎత్తలేదు. నేను బండల వైపు చూశాను.

"చాలా సంతోషమండి. ముందు కొబ్బరికాయ కొట్టేద్దాం" అన్నారు ప్రసాదరావు గారు. "మా దగ్గర ఏది దిగినా కాయ కొట్టాల్సిందేనండి. కంప్యూటర్లకి కొట్టాం, జనరేటరుకి కొట్టాం. మొన్న కాఫీ మిషనుకి కూడా కొట్టాం."

కాయ వచ్చింది. చారి అందుకున్నాడు. మా వైపు కాయను రాతి మీద కొట్టి వస్తువు ముందు పెడతాం. చారి ఇంట్లో ఆచారం వేరని అప్పుడు తెలిసింది. చేసినవాడే కొట్టాలి, చేసిన వస్తువు మీదే కొట్టాలి. టేకు గడపల మీద, వేప ద్వారబంధాల మీద వాళ్ల తాతముత్తాతలు అలాగే కొట్టారట. అతను కళ్లు మూసుకుని మొక్కి కాయ ఎత్తాడు. అది బల్ల మూలకు దిగబోతోందని నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

"చారిగారూ, వద్..."

అరచేతి వెడల్పున బల్ల మూల తెగి ఎగిరి వెళ్లి ప్రసాదరావు గారి బూటు ముందు పడింది. కాయకు గీత కూడా పడలేదు.

చూడ్డానికి వచ్చిన ఉద్యోగుల్లోంచి బక్కపలచని కుర్రవాడొకడు, "కాయ పగలాల్సింది పోయి బల్ల పగిలిందేంటండీ? అపశకునం!" అన్నాడు. చారి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

ప్రసాదరావు గారు ముక్క ఏరి, తిప్పి చూసి, నన్ను అడిగారు. "మీరు సైన్సు మేడం గారట కదా. ఇనుమంత గట్టిదన్నారు. ఏమిటండీ ఇది?"

నేను నోరు తెరిచాను. దానిలో ఏ మాట ఉందో నాకే తెలియదు.

"దాన్ని అడక్కండి, నన్నడగండి" అంది వసుంధర. "ఇనుమంత గట్టిదన్నది నా నోటి దురదండి. దీన్ని వండితే పెళుసెక్కుతుంది. బర్మాతో ముందు బెజ్జం వేయకుండా మర దింపితే చీలుతుంది. బరువు మోసే దూలానికీ, నడిచే వంతెనకీ పనికిరాదు. నూనె పట్టించకపోతే ఎండకి రంగు వెలిసి బూడిదలా అవుతుంది. నేల తగిలితే చెద తింటుంది. మొన్నే తవ్వి చూశాం, లొట్టలేసుకుని తింది."

"మరి ఇంక ఏముందమ్మా ఇందులో?"

"వానలో నానినా, ఎండలో ఎండినా మెలిక తిరగదు. అది మాత్రం నిజం. మా స్నేహితురాల్ని నమ్మించడం కష్టం. అలాంటిది ఇదే నీళ్లలో నానబెట్టి, కొలిచి చూసి ఒప్పుకుంది" అని నన్ను చూపించింది.

ఇక నా వంతు. ఎండ నడినెత్తిన ఉంది. "ప్రసాదరావుగారూ, రెండు బల్లల మీదా ఒక్కొక్క నిమిషం కూర్చుంటారా? ముందు సిమెంటుది."

ఆయన కూర్చున్నారు. నిమిషం కాదు, క్షణం కూడా కాలేదు. "అమ్మో!" అని లేచి నిలబడి రుమాలుతో వెనక విసురుకున్నారు. కుర్రకారు ఈలలు వేశారు. తర్వాత చెక్క బల్ల మీద జాగ్రత్తగా ఒరిగి, కుదురుకుని, కాలు మీద కాలు వేసుకున్నారు.

"ఇది చల్లగా ఉందండీ!"

"చల్లగా ఏమీ లేదండి. దానికున్నంత వేడే దీనికీ ఉండవచ్చు, ఒంటికి అంత త్వరగా అందించదు. అది కూడా వండడం వల్ల వచ్చిన గుణం కాదు. ఏ చెక్కకైనా..."

వసుంధర నా చెయ్యి గిల్లింది. ఆ మచ్చ కాకినాడ దాకా వచ్చింది.

ఆయన లేవకుండానే మాట్లాడసాగారు. మూలలు గుండ్రంగా ఉండాలి. కింద ఇనుప చట్రం వేయాలి. ఏటా వానలకు ముందు నూనె పట్టించే బాధ్యత షెడ్డుదే. చెట్ల చుట్టూ వేసేవి వంపు తిరిగి ఉంటే బాగుంటుంది. వసుంధర అన్నింటికీ తల ఊపి, ఊపి, చివరికి అడిగింది: "అంటే... తీసుకుంటున్నట్టేనాండీ?"

"లేకపోతే ఈ ఎండలో ఇంతసేపు నాకేం పనమ్మా!"

వసుంధర పక్కకు తిరిగి నా పమిటతో ముఖం తుడుచుకుంది. తన పమిట ఉండగా.

కాయ ఇంకా మిగిలే ఉంది. మళ్లీ కొట్టమంటే చారి రెండడుగులు వెనక్కి వేశాడు. "నా చెయ్యి ఇగ లేవది మేడం. మీరే కానియ్యుండ్రి." వసుంధర దానిని తీసుకుని, గోడ పక్కన ఏనుగులా పడి ఉన్న బండ దగ్గరకు వెళ్లి ఒక్క దెబ్బ వేసింది. రెండు చెక్కలు సమంగా విడిపోయాయి. నీళ్లు ఆమె చీర నిండా చిందాయి.

కొబ్బరి ముక్కలు పంచుకుంటూ ప్రసాదరావు గారి పక్కన చారి కూర్చున్నాడు, ట్రాలీ డ్రైవరు కూర్చున్నాడు, అంచున వసుంధర కూర్చుంది. నేను నిలబడే తింటున్నాను. అపశకునం అన్న కుర్రవాడు తన ముక్క అందుకుని, నవ్వుతూ, "నేనూ సర్దుకుంటానండీ" అని మధ్యలోకి రాబోయాడు.

ఈసారి నేనేమంటానోనని వసుంధర నావైపు చూడలేదు. చెయ్యి అడ్డం పెట్టి, తన చెక్కను గురించి ఆ రోజంతా లేనంత దర్జాగా చెప్పింది.

"ఇది నలుగురి బల్లండి. ఐదోవారు వస్తే ఇంకో బల్ల చేస్తాం."